అచ్చులో మిగిలిన పోగులు

ఈపూరుపాలెంలో భావనారాయణ అనే నేతగాడు ఉండేవాడు. పనిలో చెయ్యి తిరిగినవాడే గానీ, నొప్పి పెట్టినదాన్ని తెంచి పారేస్తే నొప్పి పోతుందనుకునే మొండి మనిషి. పన్ను సలిపితే మందు వేసుకోడు, పీకించేసుకుంటాడు. తమ్ముడితో మాటామాటా వస్తే, రెండిళ్ల మధ్య ఉన్న తలుపు తీయించి గోడ కట్టించాడు. పేటలో అందరూ చాటుగా "కత్తెర భావన్న" అనేవారు.

ఆయనకు, భార్య నాంచారికి ఎనిమిదేళ్ల కూతురు హైమ. ఇన్నేళ్ల తరవాత ఒక మగపిల్లవాడు పుట్టాడు. కులదైవం పేరే పెట్టుకుందాం, మార్కండేయులు అని పిలుచుకుందాం అనుకున్నారు. బారసాల నాడు పిల్లవాడి కింద పరచడానికి భావనారాయణ తన మగ్గం మీదే ఎర్రంచు తెల్లగుడ్డ మొదలుపెట్టాడు. అది జానెడు నేసేసరికి పిల్లవాడికి జ్వరం తగిలింది. పందొమ్మిదో రోజున పోయాడు.

శ్మశానం నుంచి వస్తూనే భావనారాయణ గోడ మీది మార్కండేయస్వామి పటాన్ని వెనక్కి తిప్పేశాడు.

"యముడి చేతిలోంచి ఈ స్వామిని కాపాడిన శివుడికి నా కొడుకు కనపళ్లేదా?" అని అరిచాడు. "ఆ పేరు గానీ, ఆ జ్వరం మాట గానీ ఇక ఈ ఇంట్లో వినపడకూడదు!"

మగ్గం మీద గోనెపట్టా కప్పేసి, పొరుగింటి మగ్గం మీద నేతకు పోయేవాడు. నాంచారి ఎదురు చెప్పలేదు, ఏడవనూ లేదు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఆ పటం వీపు వైపు చూస్తూ కాసేపు నిలబడేది. గలగలా వాగే హైమ మాటలు తగ్గించేసింది. పిల్లకు బుద్ధి వచ్చిందని భావనారాయణ మురిసిపోయాడు కూడా. ఎంత గుడ్డితనం!

రెండు నెలలకు, నేత పని ఇచ్చే ఆసామి చీరల కోసం నిలువు పోగుల కొత్త పడుగు పంపాడు. భావనారాయణ గోనెపట్టా తీశాడు. జానెడు గుడ్డ అలాగే ఉంది. మామూలుగా ఏ నేతగాడైనా నేసిన గుడ్డ కోసుకుని, పాత పోగుల కొసలను దువ్వెన లాంటి అచ్చులోనే ఉంచుతాడు. కొత్త పోగులను ఒక్కొక్కటిగా ఆ కొసలకు అతుకుతాడు. పాతవి తీసేస్తే వేల పోగులను మళ్లీ మొదటి నుంచి అచ్చుకు ఎక్కించాలి. అది తెలిసీ ఆయన కత్తెర అందుకున్నాడు.

"మొత్తం కోసి అవతల పారేస్తా. ఒక్క పోగు మిగలకూడదు."

నాంచారి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దు మావా. పోగులేం చేశాయి నిన్ను?"

"తప్పుకో!"

హైమ గబుక్కున మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోకి దిగి, రెండు చేతులూ పడుగు మీద పరిచింది. అప్పటికే కత్తెర నోరు తెరుచుకుని ఉంది.

"చేతులు తియ్యి! వేళ్లు తెగుతయ్యి!"

"తియ్యను. నాన్నా, నేను చచ్చిపోతే నన్ను కూడా ఇట్టాగే కోసేస్తావా? నా పేరు కూడా పలకొద్దంటావా?"

"నువ్వెందుకు చస్తావే!" అని కసిరి, చెయ్యి పట్టి లాగబోయి ఉలిక్కిపడ్డాడు. ఆ చెయ్యి కాలిపోతోంది.

"ఎన్నాళ్ల నుంచమ్మా ఇది?"

"మూడ్రోజులు. అమ్మక్కూడా చెప్పలేదు. ఆ మాట అనొద్దన్నావుగా."

కత్తెర గుంటలో పడింది. పిల్లను భుజాన వేసుకుని పరిగెత్తాడు, వెనకే నాంచారి. చీరాల ఆసుపత్రికి ఆటోలో పోతున్నంతసేపూ హైమ కళ్లు మూతలు పడుతూనే ఉన్నాయి. "స్వామీ" అనబోయాడు, నోరు రాలేదు. రెండు నెలల కింద తనే మూసుకున్న నోరది.

ఆసుపత్రిలో నర్సు చీటీ రాస్తూ, "పిల్లలెంతమంది?" అని అడిగింది.

"ఒక్క..." అని ఆగాడు. హైమ అరకళ్లతో తండ్రినే చూస్తోంది. ఆయన మళ్లీ నర్సు వైపు తిరిగాడు.

"ఇద్దరమ్మా. హైమ, మార్కండేయులు. చిన్నవాడు పోయాడు."

ఆ పేరు వినగానే నాంచారి బావురుమంది. ఆసుపత్రి అంతా చూస్తుండగానే భావనారాయణ కూడా ఆమె పక్కన కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. హైమ మంచం మీంచి చెయ్యి చాపి తండ్రి చేతిని పట్టుకుంది.

"ఇంకొక్క రోజు ఆలస్యమైతే నా చేతుల్లో ఉండేది కాదు" అని డాక్టరు గట్టిగా కోప్పడ్డాడు. నాలుగో రోజుకు జ్వరం దిగింది.

ఇంటికి రాగానే భావనారాయణ పటాన్ని ఇటు తిప్పాడు. నాంచారి దీపం పెట్టింది.

"స్వామీ, నీ మీద కోపం ఇంకా పోలేదు" అన్నాడాయన. "కానీ నీతో చెప్పుకోక ఇంకెవరితో చెప్పుకోను?"

తరవాత ఎర్రంచు గుడ్డను మాత్రం కోసి, మడిచి, పటం ముందు పెట్టారు. పోగులు అచ్చులోనే ఉన్నాయి. ముగ్గురూ పోగు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని, పాత కొసకు కొత్త కొస కలిపి మెలిపెట్టసాగారు.

"నాన్నా, తమ్ముడి పోగులు చీరలో కనపడతాయా?" అంది హైమ.

"కనపడవమ్మా. కానీ కొత్త పోగులకు దారి చూపేవి అవే."

పోయినవారిని తెంచేసుకుంటే ఉన్నవారూ దూరమవుతారు. దుఃఖాన్ని ఒకరితో ఒకరు చెప్పుకున్న ఇంట్లోనే తెగిన నమ్మకం మళ్లీ అతుక్కుంటుంది.