చుక్కలరాయుడి చెవులు

నల్లమల అడవిలో ఒక లోయ ఉంది. అక్కడ చుక్కల దుప్పులు గడ్డి మేసేవి. పైన మద్దిచెట్ల కొమ్మల్లో కొండముచ్చులు ఉండేవి. అవి తుంచి పారేసిన లేతాకులు దుప్పులకు మేత. పులి వాసన దుప్పుల ముక్కుకు తగిలేది. పులి నడక కొండముచ్చుల కంటికి కనిపించేది. ఎవరు ముందు కూసినా అందరూ తప్పుకునేవారు. గమనించారా పిల్లలూ? ముక్కు ఒకరిది, కన్ను ఇంకొకరిది.

దుప్పుల పెద్ద పేరు చుక్కలరాయుడు. ఒకరోజు వాగు నీటిలో తన ఒంటి చుక్కలు చూసుకుని మురిసిపోయాడు. వెంటనే మందను పిలిచాడు.

"మనది చుక్కల నాగరికత. తాతముత్తాతల నాటిది. ఆ మసిమూతుల వాళ్ళది మోటు బతుకు. వాళ్ళు కూస్తే మనం ఉలిక్కిపడటమా? సిగ్గుచేటు! ఇకమీదట దుప్పి కూతకే మన చెవులు నిక్కాలి."

నాగరికత అంటే భయపడాల్సిన మాటేమీ కాదు పిల్లలూ. ఒక గుంపు తరతరాలుగా నేర్చుకున్న బతుకు తీరు, అంతే. ఎవరి దగ్గర నేర్చుకుందో మాత్రం రాయుడు ఆలోచించలేదు.

మందలో బూదవ్వ అనే ముసలి దుప్పి ఉంది. ఆమె పక్కన పాలు మరవని మనవరాలు నిలబడి ఉంది.

"అబ్బాయీ," అంది బూదవ్వ, "ప్రమాదం వస్తే ముందరి కాలు నేలకేసి కొట్టడం మన పద్ధతే. కాదనను. ఎప్పుడు కొట్టాలో చాలాసార్లు చెప్పింది ఆ పైవాళ్ళే కదా?"

"నీకు చాదస్తం పెరిగింది అవ్వా! మనకు ముక్కు లేదా?"

మంద నవ్వింది. మద్దిచెట్ల కింద మేయడం మానేసి, ఎదుటి గడ్డిలోకి మారింది.

ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం గాలి మంద మీదుగా పులి వైపు వీస్తోంది. అందుకే దుప్పులకు వాసన అందలేదు. ఎండుగడ్డిలో చారలు కదిలాయి. చెట్టు మీద కొండముచ్చుల పెద్ద గొంతు చించుకున్నాడు.

"ఖక్! ఖక్! ఖక్!"

కూనల చెవులు లేచాయి.

"దించండి చెవులు!" రాయుడు గద్దించాడు. మంద బిగుసుకుపోయింది.

బూదవ్వ మనవరాలి వైపు చూసింది. ఇక ఆగలేదు. కాలు నేలకేసి దబదబా కొట్టి, కూనను మూతితో తోస్తూ వాగు దాటింది. మందంతా ఆమె వెంట పరుగు తీసింది. రాయుడు మాత్రం మెడ ఎత్తి అక్కడే నిలబడ్డాడు.

పులి దూకింది.

ఎలాగో తప్పించుకున్నాడు గానీ, పంజా దెబ్బకు తొడ మీద చర్మం ఊడిపోయింది. గాయమైతే మానింది. అక్కడి చుక్కలు మాత్రం మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళకు కుంటుకుంటూ మద్దిచెట్టు కిందికి వచ్చాడు.

"ఏం రాయుడూ, మా కూత మోటుగా లేదూ?" అన్నాడు పైనుంచి కొండముచ్చుల పెద్ద.

"మోటుగానే ఉంది బావా," అన్నాడు రాయుడు తల దించుకుని. "ఇంకాస్త గట్టిగా కూయి."

కొండముచ్చు పకపకా నవ్వి, ఒక లేతకొమ్మ విరిచి కింద పడేశాడు.

నీతి: మన బతుకు తీరు మనకు గొప్పదే. దాన్ని నిలబెట్టిన ఇరుగుపొరుగును మోటువాళ్ళని తోసేస్తే, చెడేది మనమే.