ముద్ర విప్పరాదు

నది అవతల ఒక పట్నం ఉండేది. ఆ పట్నంలో పుట్టినవాళ్లకు అక్కడ బతకడానికి ఏ కాగితమూ అక్కర్లేదు. బయటినుంచి వచ్చినవాళ్లకు మాత్రం ఏడాదికొక చీటీ ఇచ్చేవారు. చీటీ మళ్లీ రాసివ్వకపోతే మూటాముల్లె సర్దుకుని నది దాటాలి. పన్నెండేళ్లు చీటీల మీద బతికినవాళ్లు స్థిరనివాస పత్రం అడగవచ్చు. అది చేతికొస్తే ఇక ఎవరూ పొమ్మనరు.

మరిడమ్మ ఆ పట్నానికి వచ్చి పన్నెండేళ్లు నిండాయి.

ఆమె వచ్చిన ఏడు పట్నంలో మసూచి రేగింది. ఇళ్ల తలుపులు మూసుకున్నాయి. టీకాలు వేయడం తెలిసినవాళ్లు పట్నంలో ఒక్కరూ లేక, నది ఇవతలి ఊళ్లకు కబురు పంపారు. చంకలో టీకాల పెట్టె పెట్టుకుని పడవ ఎక్కింది మరిడమ్మ ఒక్కతే. టీకా అంటే జనం బెదిరిపోయారు. అప్పుడామె బజారు మధ్యలో బల్ల వేయించుకుని, అందరూ చూస్తుండగా తన ఎడమ జబ్బకు తనే సూది వేసుకుంది. మర్నాటికి ఆమె లేచి తిరగడం చూశాక జనం ఒక్కొక్కరుగా చేతులు చాపారు. ఏడు వేల జబ్బలకు టీకా వేసింది. ప్రతి ఒక్కరికీ కాగితం రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చింది. పట్నం బతికింది.

తర్వాత ఆమె అక్కడే ఉండిపోయింది. ఒక పడవవాణ్ణి పెళ్లాడింది. వాళ్లకు వరాలు పుట్టింది. పిల్లకు మూడేళ్లప్పుడు పడవవాడు వరదలో పోయాడు. ఇప్పుడు వరాలుకు తొమ్మిదేళ్లు. అది పట్నంలో పుట్టింది కాబట్టి దానికి చీటీ అక్కర్లేదు. తల్లికి మాత్రం కావాలి. ఏ ఏడు చివర చీటీ రాకపోయినా తల్లి నదికి ఇవతల, పిల్ల అవతల. మరిడమ్మను దిగులు పెట్టేది అదొక్కటే.

అందుకని ఆమె ఒకనాడు పొద్దున్నే కిటికీ దగ్గరికి వెళ్లింది. పట్నంలో కాగితాలన్నీ ఆ ఒక్క కిటికీలోంచే వెళ్లాలి, అందులోంచే రావాలి. లోపల గుమాస్తా కూర్చుంటాడు.

"అయ్యా, స్థిరనివాస పత్రం కోసం వచ్చాను."

"వైద్యుడి కవరు తెచ్చావా?"

"లేదు బాబూ. ఎలా తేవాలో చెబితే తెస్తాను."

"కోట వైద్యుడు నీ ఒళ్లు పరీక్ష చేసి, రాసి, కవర్లో పెట్టి ముద్ర వేసిస్తాడు. అది తేవాలి. సరే, టీకా కాగితం ఉందా?"

మరిడమ్మ రవిక చెయ్యి పైకి మడిచి చూపించింది. "ఇదుగో బాబూ, మచ్చ."

"మచ్చ చెల్లదమ్మా. కాగితం ఉండాలి."

"టీకా వేస్తే మచ్చే పడుతుంది బాబూ. కాగితం పడదు."

"మచ్చ మీద సంతకం ఉండదు కదా."

"ఈ పట్నంలో టీకా కాగితాలన్నిటి మీదా ఉన్న సంతకం నాదే. మీ అమ్మాయి కాగితం మీద కూడా."

గుమాస్తా తల వంచుకున్నాడు. ఆ సంగతి అతనికి తెలుసు. అతని కూతురు చెయ్యి లాక్కుంటుంటే పట్టుకుని కూర్చున్నది అతనే.

"తెలుసమ్మా. కానీ ఎవరికి వాళ్లు రాసుకున్నది చెల్లదని నిబంధన. అసలింతకీ నీకు నువ్వు రాసుకున్నావా?"

"లేదు. ఎందుకు రాసుకుంటాను?"

"అయితే ఇంక తగువే లేదు. మొదటినుంచీ వేయించుకో."

కోట వైద్యుడు ఆమెను నిలబెట్టాడు, కూర్చోబెట్టాడు, నోరు తెరవమన్నాడు. రక్తం తీశాడు. ఛాతీ బొమ్మ తీశాడు. వీపు మీద గొట్టం పెట్టి దగ్గమన్నాడు. ఒకచోట గొట్టం ఆపి మళ్లీ దగ్గమన్నాడు. అదే చోట మూడోసారి దగ్గమన్నాడు. తర్వాత బల్ల దగ్గరకు వెళ్లి చాలాసేపు రాశాడు.

మరిడమ్మ ఎన్నో ఏళ్లుగా మనుషుల చేతులు పట్టుకున్న మనిషి. వైద్యుడు ఎప్పుడు మామూలుగా రాస్తాడో, ఎప్పుడు ఆగి రాస్తాడో ఆమెకు తెలుసు.

"ఏం కనబడింది బాబూ?"

"అది కవర్లో ఉంటుంది."

"ఆ కవరు నేనే కదా పట్టుకెళ్లేది?"

"పట్టుకెళ్లు. విప్పకు. ముద్ర విప్పితే చెల్లదు, పైగా నేరం."

"నా ఒంటి సంగతే కదయ్యా. నోటితో చెప్పినా చాలు."

వైద్యుడు లక్క కరిగించి కవరు మీద వేశాడు. "చూడమ్మా, నేను నిన్ను చూసింది కిటికీ కోసం. నీ కోసం కాదు. నీకు తెలుసుకోవాలనుంటే ఇంకో వైద్యుడి దగ్గర చూపించుకో." అని, కవరు వెనక మొదటి టీకా వేసినట్టు రాసి, సూది వేశాడు. ఇంకా మూడు టీకాలున్నాయి. టీకాకూ టీకాకూ మధ్య నలభై రోజుల ఎడం ఉండాలి. నాలుగూ పూర్తయితేనే కిటికీ దగ్గర కవరు తీసుకుంటారు.

ఆమె కవరును ట్రంకు పెట్టెలో చీరల మధ్య దాచింది. వరాలు దాన్ని తీసి వెలుతురుకి పట్టి చూసింది.

"ఇందులో ఏముందమ్మా?"

"నేనున్నానే. నలపకు, అక్కడ పెట్టు."

ఆ నాలుగు నెలల్లో మరిడమ్మ తనకు తాను ఏం చెప్పుకుందంటే: పెద్ద జబ్బయితే ఆ వైద్యుడు చెప్పకుండా ఉంటాడా, మనిషే కదా. రెండో నెలలో ఆమెకు దగ్గు పట్టుకుంది. చలికి అనుకుంది. మూడో నెలలో సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. టీకా వల్ల అనుకుంది. ఎప్పటిలాగే పిల్లను పక్కలో వేసుకుని పడుకుంది. ఎప్పటిలాగే ఒకే కంచంలో కలిపి తినిపించింది.

నాలుగో టీకా అయిన మర్నాడు ఆమె కిటికీ ముందు వరుసలో నిలబడింది. వరుసలో నలభై మందిదాకా ఉన్నారు. ప్రతి ఒక్కరి చేతిలోనూ ముద్ర వేసిన కవరే. ఆమె వెనక, కత్తులకు సానపట్టే పోలయ్య నిలబడ్డాడు. ముసలివాడు. కొంచెం ఎడంగా, ఎవరికీ తగలకుండా నిలబడ్డాడు.

"దగ్గరికి రా తాతా. మధ్యలో ఎవరైనా దూరతారు."

"వద్దులే అమ్మాయ్. నా గాలి నీకు తగలకూడదు." పోలయ్య గొంతు తగ్గించాడు. "వైద్యుడు నా గుండెల మీద గొట్టం పెట్టి హుఁ అన్నాడు. ఏంటని అడిగితే చెప్పలేదు. ఏదో ఉంది. భయపడి ఇన్నాళ్లూ కిటికీ దగ్గరికే రాలేదు. ఎనిమిది నెలలైంది, నా మనవరాల్ని నేను ఎత్తుకోలేదు. వసారాలోనే పడుకుంటున్నాను. కంచం కూడా వేరు పెట్టుకున్నాను."

ఇంతలో ఆమె వంతు వచ్చింది. గుమాస్తా కవరు తిప్పి చూశాడు. వెనక నాలుగు సంతకాలూ లెక్క చూసి తన పుస్తకంలో ఎక్కించుకున్నాడు. ముందువైపు తేదీ చూసి కవరు ఆమె చేతికే తిరిగిచ్చాడు.

"ఇది చెల్లదమ్మా. కవరు గడువు అరవై రోజులు. నీది దాటిపోయింది."

"టీకాలకే నాలుగు నెలలు పట్టింది కదా బాబూ!"

"అవును."

"టీకాలు పూర్తికాకుండా తెస్తే తీసుకుంటారా?"

"తీసుకోం."

"పోనీ టీకాలు ముందు వేయించుకుని, తర్వాత పరీక్ష చేయించుకుంటే?"

"పరీక్ష చేయందే టీకా వేయకూడదు."

"మరి ఇంకెలా బాబూ కుదిరేది?"

 గుమాస్తాని ఇంతకుముందు ఎవరూ ఇలా నిలదీయలేదేమో. "గడువు నిబంధన రాసినవాళ్లు వేరు, టీకాల నిబంధన రాసినవాళ్లు వేరు. వాళ్లిద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదమ్మా," అన్నాడు. "టీకాల మాట ఇప్పుడు తీరిపోయింది కాబట్టి, పరీక్ష ఒక్కటీ మళ్లీ చేయించుకుని కొత్త కవరు తీసుకురా."

"ఈ పాతదాన్ని ఏం చేస్తారు?"

"తగలబెడతాం."

"చదివా?"

"గడువు దాటింది చదవకూడదు. ముద్ర విప్పకుండానే తగలబెడతాం."

మరిడమ్మ కిటికీ ఊచలు పట్టుకుంది. దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆగింది.

"అంటే నా ఒంట్లో ఏముందో చూసి, రాసి, నా చేతికే ఇచ్చారు. నేను చదవకూడదు. మీరూ చదవరు. ఇంక దీన్ని చదివేదెవరయ్యా?"

గుమాస్తా కవరు తీసుకోవడానికి చెయ్యి చాపాడు.

ఆమె ఇవ్వలేదు. అక్కడే, అతని ఎదురుగానే, లక్క కింద బొటనవేలి గోరు దూర్చింది. ముద్ర పెళుక్కున విరిగింది. 

"అమ్మా! నేరం!" అని గుమాస్తా సగం లేచాడు.

ఆమె కాగితం విప్పి పైకే చదివింది. "కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ. క్షయ మొదలు. ఇప్పుడే మందు మొదలుపెడితే పూర్తిగా నయమవుతుంది. ఇంట్లో పిల్లలుంటే వేరే పడుకోబెట్టాలి."

కింద తేదీ ఉంది. నాలుగు నెలల కిందటిది.

మరిడమ్మ ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు. "నా పిల్ల నా పక్కలో పడుకుంటుంది," అంది. "నాలుగు నెలలు. ఈ ముక్క నా చీరల మధ్యనే ఉంది. నేను పెట్టె తీసిన ప్రతిసారీ చేతికి తగిలింది. మీ ఊళ్లో ఏడు వేల మందికి సూది వేశాను. ఒక్కరికైనా నీ ఒళ్లు నీకు చెప్పను అన్నానా?"

 "ముద్ర విప్పావు, అది చెల్లదు," అన్నాడు గుమాస్తా. అలవాటైన మాట కాబట్టి అది దానంతటదే వచ్చింది.

"నాకు చెల్లింది," అంది మరిడమ్మ.

ఆమె వెనక మరో ముద్ర విరిగిన చప్పుడైంది. పోలయ్య తన కవరు విప్పాడు. అతనికి చదువు రాదు. కాగితం మరిడమ్మకు చాపాడు. ఈసారి ఎడంగా నిలబడలేదు.

ఆమె చదివింది. ఒక్క వాక్యమే ఉంది. మళ్లీ చదివింది.

"తాతా, ఏ జబ్బూ లేదని రాశాడు."

"సరిగ్గా చూడమ్మా."

"లేదు తాతా. నీ ఒంట్లో ఏమీ లేదు."

పోలయ్య అక్కడే నేల మీద కూలబడ్డాడు. "ఎనిమిది నెలలు," అన్నాడు. "పిల్ల నడక నేర్చుకుంది. నా వైపు వస్తుంటే కర్ర అడ్డం పెట్టేవాణ్ణి." మొహానికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని బావురుమన్నాడు. అంత ముసలివాడు అలా ఏడవడం ఆ వరుసలోవాళ్లు ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత ఎవరూ ఎవరినీ అడగలేదు. ముద్రలు వరుసగా విరిగాయి. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి పెట్టారు. కొందరు ఊపిరి పీల్చుకున్నారు. కొందరు గోడకు ఆనుకున్నారు. నేల మీద ఎర్రటి లక్క ముక్కలు పడ్డాయి. గుమాస్తా కిటికీ తలుపు వేసేశాడు.

మరిడమ్మ తిన్నగా ఇంటికి వెళ్లి, వరాలును వెంటబెట్టుకుని ధర్మాసుపత్రికి పరుగెత్తింది. అక్కడి వైద్యురాలు ఇద్దరి ఛాతీలూ చూసి, కూర్చోబెట్టి, దాచకుండా చెప్పింది. తల్లి మచ్చ పెరిగింది. పిల్లకు కూడా గోరంత మచ్చ వచ్చింది.

"నయమవుతుందా అమ్మా?"

"అవుతుంది. తొమ్మిది నెలలు ఒక్కపూట కూడా మానకుండా మందు వేసుకోవాలి. నాలుగు నెలల కిందటే వస్తే పిల్లకు వచ్చేదే కాదు."

ఆ చివరి మాట మరిడమ్మ తర్వాత ఎంతో మందికి చెప్పింది. 

పట్నం పెద్దలు సమావేశమయ్యారు. రోజంతా మాట్లాడుకుని ఒక ఉత్తర్వు ఇచ్చారు. కాగితం కవర్లు సులువుగా విప్పేస్తున్నారు కాబట్టి, ఇకమీదట రేకు కవర్లు వాడాలి. ముద్ర విప్పిన నేరానికి మరిడమ్మ మూడేళ్లదాకా స్థిరనివాస పత్రం అడగకూడదు. ఏడాది చీటీ మాత్రం ఆపలేదు. పట్నంలో ఆ ఏడు పుట్టిన పిల్లలకు టీకాలు వేయాలి, కోట వైద్యుడు కిటికీ పని తప్ప చేయడు, వేసేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఆమె చీటీ తీసుకుంది. పెద్దలకు జవాబుగా ఒక పని చేసింది. టీకా వేయించుకున్న ప్రతి ఒక్కరికీ కాగితం మడవకుండా, కవర్లో పెట్టకుండా, అక్షరం అక్షరం పైకి చదివి చేతికిచ్చేది. వద్దన్నా వినిపించేది.

తొమ్మిది నెలలు గడిచాయి. ఆఖరి మందు తీసుకోవడానికి తల్లీ కూతుళ్లు ధర్మాసుపత్రి బల్ల మీద కూర్చున్నారు. వరాలు ఒళ్లు చేసింది. కాళ్లు ఊపుతూ, పక్కన కూర్చున్న మనిషి వైపు చూసి తల్లి చెవిలో ఏదో చెప్పింది. మరిడమ్మ తిరిగి చూసింది.

కిటికీ గుమాస్తా. చేతిలో కవరు ఉంది. పసుపెక్కిపోయి, అంచులు చిట్లిపోయిన కాగితం కవరు. లక్క ముద్ర మాత్రం చెక్కు చెదరలేదు.

"ఎవరిది బాబూ?"

"నాదే." అతను తలెత్తలేదు. "నేనూ నది దాటి వచ్చినవాణ్ణేనమ్మా. వచ్చి పంతొమ్మిదేళ్లయింది. ఏడేళ్ల కిందట ఈ కవరు తీసుకున్న వారానికే కిటికీలో ఉద్యోగం ఇచ్చారు. కవరు బయట నిలబడి ఇవ్వాలి, తీసుకోవాల్సింది లోపల కూర్చున్న నేను. ఇంకెలా ఇవ్వను? అలాగే ఉండిపోయింది."

"ఇన్నేళ్లూ విప్పలేదా?"

"నేరం కదా." కవరు ఆమె వైపు చాపాడు. "ఆ రోజు వాళ్లందరికీ చదివి పెట్టావు. నాకు చదువు వచ్చు. కానీ చేతులు ఆడటం లేదు."

మరిడమ్మ ఆ కవరు తీసుకోలేదు.

"మీ ఒళ్లు, మీ కవరు. మీరే విప్పండి బాబూ," అంది. "నేను లేచి వెళ్లనులెండి. ఇక్కడే కూర్చుంటాను."

గుమాస్తా బొటనవేలు లక్క మీద ఆనించాడు.