పైడితల్లి కూర్చున్న సీటు

బొబ్బిలి బస్టాండు వెనక కార్లలో పాటల పెట్టెలు బిగించే నూకరాజు పనిలో ఘటికుడే గానీ, ఎదుటివాళ్ళని ఒక్క మాట కూడా పూర్తిగా చెప్పనిచ్చేవాడు కాదు.

ఒకరోజు మధ్యాహ్నం గౌరునాయుడు కారు తెచ్చాడు. వెనక సీట్లో అతని చెల్లెలు పైడితల్లి కూర్చుని ఉంది. ఆమెకు పుట్టుకతోనే చెవులు వినబడవు. అయినా డిక్కీలో ధమధమలాడే సబ్‌వూఫర్ పెట్టె మోగితే, డిక్కీ మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురు పట్టుకుని చక్కగా చిందులేసేది. ఆ సాయంత్రమే ఈ కారు పాటలతో వాళ్ళ తమ్ముడి పెళ్ళి ఊరేగింపు. పైడితల్లి వారం నుంచీ దానికోసమే ఎదురుచూస్తోంది.

"నెల కిందట నువ్వే బిగించావు గదా అన్నా! పాట వస్తంది గానీ ఆ ధమధమ రావట్లేదు. ఒక్కోసారి మాత్రం..." అని గౌరునాయుడు చెప్పబోయాడు.

"నాకు తెల్దేటి! ఆంప్లిఫయర్ పోయినాది. దిగండి, దిగండి."

నూకరాజు డిక్కీలో తల దూర్చి కొత్త ఆంప్లిఫయర్ పెట్టాడు. మోగలేదు. పైడితల్లి మెల్లగా ఎక్కి కూర్చుంది. ధమ్మని మోగింది!

"చూసినావా నాయుడూ!" అన్నాడు. ఆమెను దిగమన్నాడు. ఆమె దిగగానే పెట్టె మూగబోయింది.

ఫ్యూజు మార్చాడు. వైరు మార్చాడు. స్పీకరు పెట్టె కూడా మార్చాడు. ఓసారి మోగుతుంది, ఓసారి మోగదు. ఎందుకో అంతుపట్టలేదు. గౌరునాయుడు ఏదో చెప్పబోయిన ప్రతిసారీ చెయ్యి అడ్డుపెట్టి ఆపేశాడు. పైడితల్లి సీటును తట్టి తట్టి చూపిస్తోంది. "ఆ అమ్మిని కాస్త పక్కన నిలబడమను బావూ. చెవులు లేని మనిషికి పాటల గోలేటి!" అని కసురుకున్నాడు.

నాలుగున్నర అయింది. నూకరాజు బుర్ర గిర్రున తిరిగింది. "నా వల్ల కాదు. విజయనగరం పట్టుకెళ్ళు" అని చేతులెత్తేశాడు. గౌరునాయుడు ముఖం వాడిపోయింది.

అప్పుడు పైడితల్లి నూకరాజు చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది. వెనక సీట్లో కూర్చుంది. మోగింది. లేచింది. ఆగింది. మళ్ళీ కూర్చుంది. మోగింది.

నూకరాజు నోరు తెరిచాడు. గబగబా సీటు ఎత్తి చూశాడు. కారు ఇనుముకు గట్టిగా తగిలి ఉండాల్సిన ఆంప్లిఫయర్ ఎర్త్ వైరు అక్కడుంది. పెయింటు గీకకుండా, నట్టు సగమే బిగించి ఉంది. సీటు మీద బరువు పడితేనే వైరు ఇనుముకు తగులుతోంది. అలా బిగించింది మరెవరో కాదు, తనే!

"అదేనన్నా, ఎవరైనా ఎనక్కూకుంటే మోగతందని చెప్దామనుకున్నాను" అన్నాడు గౌరునాయుడు.

నూకరాజుకు తల కొట్టేసినట్టయింది. పెయింటు గీకి, నట్టు బిగించడానికి పట్టింది ఐదు నిమిషాలు. పైడితల్లి డిక్కీ మీద అరచెయ్యి ఆనించి చూసుకుంది. పకపకా నవ్వింది. నూకరాజు ఆమెకు చేతులు జోడించాడు.

సాయంత్రం ఊరేగింపు అతని కొట్టు ముందు నుంచే సాగింది. అందరికంటే ముందు పైడితల్లే ఆడుతోంది. ఆనాటి నుంచి కొట్టుకు ఎవరొచ్చినా నూకరాజు మొదట చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టి, వాళ్ళు చెప్పేది చివరిదాకా వినేవాడు.

నీతి: ఎదుటివారు చెప్పేది ఓపికగా గమనించనివాడికి ఎంత పనితనం ఉన్నా, తాను చేసిన తప్పే తనకు కనబడదు.