జెముడు దాచుకున్న పాలు

ఒకప్పుడు జెముడుకి ఆకులుండేవి. నవ్వకండి పిల్లలూ, ముళ్ళు తప్ప ఇంకేమీ కనిపించని ఆ జెముడు గురించే చెబుతున్నాను. ఒక్కో ఆకు మీద ఒక మనిషికి సరిపడా అన్నం వడ్డించవచ్చు. చెట్టు కింద పది మేకలు హాయిగా పడుకోవచ్చు. దానికి పాలు కూడా ఉండేవి, తియ్యటి పాలు. ఏ మేకపిల్లయినా వచ్చి అడిగితే కాస్త వదిలేది, అది తాగి మూతి నాక్కుంటూ పోయేది.

ఆ జెముడు ఒక రాళ్ళ గుట్ట మీద ఉండేది. అక్కడ వాన ఏడాదికి నాలుగు రోజులు కనిపిస్తే గొప్ప. అలాంటి చోట ఉంటూ కూడా అది చేసే దుబారా అంతా ఇంతా కాదు. పొద్దున వేళ్ళతో తాగిన నీళ్ళు మధ్యాహ్నానికల్లా ఖర్చయిపోయేవి. ఎండ వస్తే ఆకులు తడుపుకోవడానికి నీళ్ళు, గాలి వస్తే ఊగడానికి నీళ్ళు. పక్కనున్న రేగుచెట్టు నాలుగు పూలు పూస్తే తను నలభై పూయాలి, దానికీ నీళ్ళే. రేపెలాగ అని ఎవరైనా అడిగితే, "రేపు గదా, రేపు చూద్దాంలే" అనేది.

ఆ రేపు ఒక వేసవిలో రానే వచ్చింది. జెముడు వేళ్ళు చాపి మట్టిని నీళ్ళడిగింది.

"నా దగ్గర చుక్క లేదు తల్లీ," అంది మట్టి. "ఉన్నన్నాళ్ళూ అడిగినంత ఇచ్చినా. ఇప్పుడు నా నోరే ఎండిపోయింది."

జెముడు ఆకులన్నీ వాడి వేలాడాయి. ఇంకో రెండు రోజులైతే చచ్చిపోయేదే. సరిగ్గా అప్పుడు సుంకులమ్మ మేకలు తోలుకుంటూ గుట్ట ఎక్కింది. సుంకులమ్మకి ఉన్నవల్లా పన్నెండు మేకలు, గుట్ట కింద ఒక గుడిసె. మొగుడు లేడు, పిల్లలు లేరు. రోజూ ఈ జెముడు నీడలోనే కాసేపు నడుం వాల్చేది.

"ఏమ్మే జెముడూ, ఇట్ల ఎండిపోతాండావు?" అంది.

"నీళ్ళు లేవక్కా."

"ఉన్నెప్పుడు ఏం చేసినావు?"

"తాగేసినా."

సుంకులమ్మ నవ్వింది. నవ్వి, తన ముంతలో ఉన్న నీళ్ళు మొత్తం జెముడు మొదట్లో పోసేసింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంటూ తన సంసారం సంగతి చెప్పింది.

"నాకెట్ల గడుస్తాందో తెలుసునా? వండేటప్పుడల్లా చాటలో కొర్రలు పోస్తాను గదా, దాంట్లోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో ఏస్తా. ఎక్కువున్నా పిడికెడే, తక్కువున్నా పిడికెడే. పిడికెడు తగ్గితే కడుపుకి తెలీదమ్మే. ఇప్పుడు ఊళ్ళో కొర్రలు యాడా లేవు. నేను ఆ కుండ దించి తింటాండా. నువ్వు గూడా ఒక కుండ పెట్టుకో."

జెముడుకి సిగ్గేసింది. ఆ రోజు నుంచే మొదలుపెట్టింది. పది గుక్కలు తాగితే ఒక గుక్క కాండంలో దాచేది. నలభై పూలు పూసేది పదితో సరిపెట్టుకుంది. మిట్టమధ్యాహ్నం ఆకులు ముడుచుకుని కూర్చునేది. గాలి వచ్చి "రా, ఊగుదాం" అని పిలిస్తే, "పొద్దుగూకినాక రా" అని పంపించేసేది. దాని కాండం కొంచెం కొంచెంగా లావెక్కింది.

మరుసటి వేసవికి గుట్ట మీద చెట్లన్నీ బోడిగా నిలబడితే జెముడు ఒక్కటే పచ్చగా ఉంది. మేకలన్నీ దాని కిందికే వచ్చాయి. సుంకులమ్మ కాండం మీద చెయ్యి వేసి నిమిరి, "ఇప్పుడు సంసారం చేసేది తెలిసింది నీకు," అంది. జెముడు ఎంత మురిసిపోయిందో చెప్పలేను. ఇక్కడితో కథ అయిపోతే నాకూ హాయే. అవలేదు.

సుంకులమ్మ మందలో కర్రి అని ఒక నల్లమేక ఉండేది. కర్రికీ జెముడుకీ అక్కాచెల్లెళ్ళంత స్నేహం. ఆ చలికాలంలో కర్రి జెముడు నీడలోనే ఈనింది. పిల్ల పుట్టింది. చిన్న పిల్ల, అరచేతిలో పడుకోబెట్టుకునేటంత. సుంకులమ్మ దానికి బుడ్డి అని పేరు పెట్టింది. బుడ్డి వణుకుతూ లేచి, రెండడుగులు వేసి, తల్లి దగ్గరికి పోబోయి జెముడు కాండానికి తల ఢీకొట్టుకుంది.

"అది అమ్మ కాదే, నీ పెద్దమ్మ," అంది కర్రి.

"పెద్దమ్మా," అంది బుడ్డి.

జెముడుని అంతవరకూ ఎవరూ అలా పిలవలేదు. దాని లోపలున్న పాలన్నీ ఒక్కసారి కదిలినట్టయింది. ఈ పిల్లకి ఏ లోటూ రానివ్వకూడదని అప్పటికప్పుడు అనుకుంది. అంతవరకూ తన కోసం దాచుకున్న జెముడు ఆ రోజు నుంచి బుడ్డి కోసం దాచడం మొదలుపెట్టింది.

మన కోసం దాచుకునేటప్పుడు ఎక్కడో ఒకచోట చాలనిపిస్తుంది. పిల్లల కోసం దాచేటప్పుడు అలా అనిపించదు. పదిలో ఒక గుక్క దాచేది కాస్తా రెండు గుక్కలు దాచింది, తర్వాత ఐదు. పూలు పూయడం మానేసింది. ఒక్కో ఆకుకి రోజుకి ఇంత నీళ్ళు కావాలి కదా, ఆ ఆకే లేకపోతే ఆ నీళ్ళు కూడా బుడ్డికే మిగులుతాయి కదా అనుకుంది. ఒక్కొక్క ఆకే రాల్చేసింది.

రేగుచెట్టు ఊరుకుంటుందా? "ఏమక్కా, గుండు చేయించుకుంటాండావు? ఏ దేవునికి మొక్కినావు?" అంది.

"మా బుడ్డికి," అంది జెముడు.

బుడ్డి రోజూ వచ్చేది. "పెద్దమ్మా, ఒక్క గుక్క పాలియ్యవా?" అనేది.

"మీ అమ్మ పాలు ఉండాయి గదా తల్లీ. నావి నీ కోసమే దాచిపెడతాండా. ఎప్పుడో ఒక గడ్డు పొద్దు వస్తాది. ఆ పొద్దు నువ్వు కడుపునిండా తాగల్ల."

"అంతా నాకేనా?"

"అంతా నీకే."

బుడ్డి ఎగిరి గంతేసేది. రాయి మీంచి రాయి మీదికి దూకుతూ మందలో ప్రతి మేకకీ చెప్పుకుని వచ్చేది. "మా పెద్దమ్మ నా కోసం దాస్తాంది! అంతా నాకే!"

కానీ బుడ్డి మూతి తగిలినప్పుడల్లా జెముడు పాలు వాటంతటవే పైకి ఉబికి వచ్చేవి. జెముడుకి భయం వేసింది. ఇలా రోజూ కొంచెం కొంచెం ఇచ్చేస్తే అసలు రోజుకి ఏం మిగులుతుంది? తన మనసు మీద తనకే నమ్మకం లేక, ఆకు రాలిన ప్రతి చోటా ఒక ముల్లు మొలిపించుకుంది. మర్నాడు బుడ్డి పరుగెత్తుకుంటూ వచ్చి మూతి పెట్టింది. పెదవికి ముల్లు గుచ్చుకుని రక్తం చుక్క వచ్చింది. బుడ్డి ఏడ్చింది. జెముడూ ఏడ్చింది. ఏడుస్తూనే, పాలు మాత్రం ఇవ్వలేదు.

ఆ ఏడాది వాన రాలేదు. నెలలు గడిచినా చినుకు పడలేదు. గుట్ట మీద గడ్డి పోయింది, వేళ్ళూ పోయాయి. మేకలు రాళ్ళని నాకుతూ తిరిగాయి.

సుంకులమ్మ ఇంట్లో కొర్రలు నిండుకున్న రోజునే మూలనున్న కుండ దించింది. గంజి కాచి సగం తను తాగి, సగం మేకలకి పోసింది. అది విని జెముడు కంగారుపడింది.

"అప్పుడే తీసేసినావా అక్కా? ఇంకా గడ్డు రోజులొస్తే?"

"ఆకలి ఈ పొద్దు అయితాంది గదమ్మే," అంది సుంకులమ్మ. "ఈ పొద్దు బతికుంటే గదా రేపటి గురించి ఆలోచించేది."

సుంకులమ్మ తొందరపడిందని జెముడు మనసులో అనుకుంది.

కొన్నాళ్ళకి కర్రి పొదుగు ఎండిపోయింది. బుడ్డి లాగి లాగి ఏడ్చి ఊరుకుంది. కర్రి గుట్ట ఎక్కి వచ్చింది. ఎముకలు బయటికి కనబడుతున్నాయి.

"అక్కా, నా దగ్గర పాలు లేవు. బిడ్డకి ఒక గుక్క పొయ్యి."

జెముడు బుడ్డి వైపు చూసింది. కాళ్ళు వణుకుతున్నాయి, కానీ నిలబడే ఉంది.

"ఇంకా నడుస్తాంది గదా కర్రీ. ఈ పొద్దు పోసేస్తే, నడవలేని పొద్దు వచ్చినప్పుడు ఏం చేస్తావు? దానికే పెట్టినా. ఇంకొంచెం ఓర్చుకో."

"ఒక గుక్కే అక్కా."

"అమ్మా, పెద్దమ్మని అడగొద్దు," అంది బుడ్డి మెల్లగా. "ఆమె ఇస్తాదిలే. నా కోసమే గదా పెట్టింది."

జెముడుకి ప్రేమ లేదని మాత్రం అనుకోకండి. ఆ గుట్ట మీద బుడ్డిని అంతగా ప్రేమించింది కర్రి తర్వాత అదే. ప్రేమతో పాటు భయం కూడా ఉంది. ఈ కుండ తెరిస్తే మళ్ళీ ఆ వేసవిలోలాగా చేతులు ఖాళీ అయిపోతాయని భయం. రెండూ కలిసిపోయి, తనని ఆపుతున్నది ఏదో దానికే తెలియలేదు.

ఒకరోజు మధ్యాహ్నం బుడ్డి ఒక్కతే వచ్చింది. ఆకులు లేని జెముడుకి నీడ ఎంతుంటుంది? నేల మీద ఒక సన్నటి గీతంత ఉంది. బుడ్డి ఆ గీతలో పడుకుంది. ఎండ జరిగితే నీడ జరిగేది. నీడ జరిగితే బుడ్డి కూడా పొట్ట మీద పాకుతూ దాని వెనకే జరిగేది.

"పెద్దమ్మా, గడ్డు పొద్దంటే ఎట్లుంటాది?"

"వస్తే తెలుస్తాది తల్లీ."

"రేపు వస్తాదా?"

"రేపు వస్తే రేపే ఇస్తా. అంతా నీకే."

బుడ్డి సరేనన్నట్టు చెవులు ఆడించి తల వాల్చింది. కాసేపటికి నీడ ఇంకొంచెం జరిగింది. బుడ్డి మీద ఎండ పడింది.

"తల్లీ, నీడ జరిగింది చూడు. నువ్వు గూడా ఇట్ల జరుగు," అంది జెముడు.

బుడ్డి కదలలేదు.

"బుడ్డీ, ఎండ పడతాంది. లెయ్యమ్మా."

అప్పుడు తెలిసింది జెముడుకి. పైనుంచి కింది దాకా తనని తానే చీల్చుకుంది. ఇన్నేళ్ళూ దాచినదంతా ముళ్ళ మధ్యలోంచి పొంగి, కాండం మీదుగా కారి, బుడ్డి మూతి దాకా వచ్చింది. "ఈ పొద్దేనమ్మా! ఆ పొద్దు ఇదేనమ్మా! తాగు తల్లీ, అంతా నీకే, తాగు!" అని గుట్టంతా వినబడేలా అరిచింది. బుడ్డి మూతంతా పాలు. లోపలికి ఒక్క చుక్క పోలేదు.

ఆ అరుపుకి కర్రి వచ్చింది, దాని వెనక సుంకులమ్మ వచ్చింది. కర్రి బిడ్డ మూతి నాకింది. నాకి, ఉలిక్కిపడి వెనక్కి తగ్గింది. నాలుక మండిపోతోంది.

"అక్కా, నీ పాలు చేదు," అంది.

దాచి దాచి చేదెక్కాయో, దిగులుకి అప్పటికప్పుడు చేదెక్కాయో నాకు తెలియదు. కర్రి తిట్టి ఉంటే జెముడుకి కొంత తేలికయ్యేదేమో. బిడ్డ పక్కనే మోకాళ్ళ మీద కూలబడింది, అంతే.

సుంకులమ్మ రాళ్ళు పక్కకి తీసి చిన్న గుంట తవ్వి బుడ్డిని పూడ్చిపెట్టింది. తర్వాత జెముడు మీద చెయ్యి వేయబోయింది. ముళ్ళు అడ్డం వచ్చాయి. చెయ్యి అలాగే గాలిలో ఆపి, ఏడుస్తూ అంది.

"తప్పు నాది గూడా ఉందమ్మే. దాచిపెట్టేది నేర్పిస్తి. తీసేది ఎప్పుడో నీకు నేర్పకపోతి."

మిగిలిన మేకలని తోలుకుని ఆమె గుట్ట దిగి వెళ్ళిపోయింది. కర్రి చాలా దూరం దాకా వెనక్కి చూస్తూ పోయింది.

వాన ఎనిమిదో రోజున వచ్చింది. ఎనిమిదే రోజులు. మట్టి తడిసింది, రేగుచెట్టు చిగురు వేసింది, చిన్న గుంట మీద కూడా పచ్చగా గడ్డి వచ్చింది. "తాగు తల్లీ," అని మట్టి పిలిస్తే జెముడు తాగింది. కానీ ఎంత తాగినా దానికి మళ్ళీ ఆకు వేయాలనిపించలేదు.

అప్పటినుంచే జెముడుకి ఆకు ఉండాల్సిన చోట ముల్లు ఉంటుంది. అప్పటినుంచే దాని పాలు చేదు, కంట్లో పడితే మంట. మీరు దాని జోలికి పోకండి. తుమ్మముళ్ళని కూడా వదలని మేక, జెముడు దగ్గరికి వచ్చేసరికి వాసన చూసి తల తిప్పుకుని పోతుంది.

ఇంకొక్కటి. జెముడు ఇప్పుడు ఎవరో వచ్చి అడిగేదాకా ఆగదు. గాలికి ఎగిరిన గులకరాయి తగిలినా, పక్షి గోరు గీరుకున్నా, అప్పటికప్పుడే పాలు కార్చేస్తుంది. తగిలింది ఎవరో కూడా చూడదు. బుడ్డి వచ్చిందేమో అనుకుంటుంది.