గుడ్ల పూచీ ముంగయ్యది

వెంకాయమ్మగారి పెరట్లో గేదెల పాక ఉంది. ఆ పాకలో ఓ మూల, గౌరమ్మ అనే గేదెను కట్టేసే గుంజ పక్కన, ఊక పోసిన గంపలో చుక్కల పెట్ట గుడ్లు పొదుగుతోంది. పొదుగుతోందంటే హాయిగా కూర్చుని కాదు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని. కోడికి అరచెయ్యి ఎక్కడిదని నన్నడక్కండి, నానుడి అలాగే ఉంది.

కిందటిసారి దాని గుడ్లన్నీ జెర్రిపోతు మింగేసింది. ఆ పాము ఇంకా గడ్డివాములోనే కాపరం ఉంటోంది. వెంకాయమ్మగారేమో బియ్యం చెరుగుతూ తేల్చి చెప్పేసింది. "ఈసారి కూడా పిల్లలు దిగకపోతే దీన్ని కోసి పులుసు పెట్టేస్తాను. ఎన్నాళ్లని నూకలు దండగ!"

ఆ మాట విన్నప్పటి నుంచీ పెట్టకి నిద్ర లేదు. అప్పుడొచ్చాడు ముంగయ్య అనే ముంగిస. మంచివాడే, కాదనను. పాముని పట్టడంలో ఆ చుట్టుపక్కల వాడికి సాటి ఎవరూ లేరు. కాకపోతే గుడ్డు కనపడితే మాత్రం వాడి బుద్ధి కుదురుగా ఉండదు.

"ఏమ్మా చుక్కలమ్మా, మరీ ఇలా చిక్కిపోయావేం?"

"పాము భయం మామా. కన్ను మూస్తే గుడ్లు పోతాయి. గుడ్లు పోతే నేనూ పోతాను."

"నేనుండగా పామేమిటే పిచ్చిమొహమా! ఈ గుడ్ల పూచీ నాది. కాపలా కాస్తాను."

"ఊరికేనా?"

"ఊరికే ఎవరు కాస్తారమ్మా! చివరికి పిల్ల కాని గుడ్డేదైనా మిగిలితే అది నాకియ్యి. నీకెలాగూ పనికిరాదు. ఇంకొక్క మాట. నేను 'పామూ' అని అరవగానే నువ్వు గంప దిగి వాకిట్లోకి పోవాలి. నేను రమ్మనేదాకా రాకూడదు. మా కొట్లాటలో నీ కాలో రెక్కో తెగితే ఆ పాపం నాకొద్దు."

పెట్టకి ఇందులో తప్పేమీ కనిపించలేదు. నాకూ కనిపించదు. గౌరమ్మ నెమరు ఆపి, "విన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇక మాట మీద ఉండండి," అంది.

మొదట్లో ముంగయ్య నిజంగానే కాపలా కాశాడు. ఓ సాయంత్రం జెర్రిపోతు వస్తే గడ్డివాము దాకా తరిమాడు కూడా. ఆ తర్వాతే వాడికి తిక్క ఆలోచన తట్టింది. 'గుడ్లన్నీ పిల్లలైతే నాకు మిగిలేదేమిటి, పెంకులేగా!'

ఇక మొదలు. "పామూ!" అంటాడు. పెట్ట పడుతూ లేస్తూ వాకిట్లోకి పరిగెత్తుతుంది. వీడు తీరిగ్గా ఒళ్లు విరుచుకుని, మీసాలు దువ్వుకుని, ఎప్పటికో "రావచ్చు" అంటాడు. అది వచ్చి ఇలా కూర్చుంటుందో లేదో మళ్లీ "పామూ!"

గుడ్లు పొట్టకి చల్లగా తగిలేసరికి పెట్ట ఇక ఊరుకోలేకపోయింది.

"పొద్దుట్నించీ ఇదే వరస! పామేది మామా? గడ్డిపరక కూడా కదల్లేదే!"

"నాకు అనుమానం వచ్చింది. అనుమానం ఎప్పుడు రావాలో మన ఒప్పందంలో ఉందా?"

"గుడ్లు చల్లారిపోతున్నాయి మామా!"

"ఒక్క గుడ్డు ముట్టుకున్నానా? అన్న మాటలో అక్షరం తప్పానా? చెప్పు!"

ముంగయ్య ఎలుకల వేటకి వెళ్లగానే గౌరమ్మతో మొరపెట్టుకుంది. "అత్తా, నా గొంతు కోస్తున్నాడు."

"చూస్తూనే ఉన్నానే. కంచే చేను మేస్తోంది," అంది గౌరమ్మ. "దిగమనే హక్కు వాడికిచ్చింది నీకు దెబ్బ తగలకుండా, అంతే. గుడ్లు చెడగొట్టుకోమని కాదు. ఆ సంగతి నీకూ నాకూ తెలుసు, వాడికి ఇంకా బాగా తెలుసు. తానే పని చెడగొట్టి, చెడింది కాబట్టి నాదే అంటే ఎట్లా? కానీ న్యాయం చెబితే వినే రకం కాదు వాడు. మాట పట్టుకుని వేలాడతాడు. నువ్వూ వాడి మాటే పట్టుకో."

పెట్ట కాసేపు తల వంచుకుని ఆలోచించింది. మెల్లగా దాని మెడ నిటారైంది.

ముంగయ్య తిరిగొచ్చాడు. రావడంతోనే "పామూ!" అన్నాడు. పెట్ట ఈసారి ఏడవలేదు, పరిగెత్తలేదు. నింపాదిగా గంప దిగింది.

"ఎక్కు మామా."

"ఎక్కడికి?"

"గంపలోకి. గుడ్ల పూచీ నీదన్నావుగా! పాము మింగినా గుడ్డు పోతుంది, చల్లారినా పోతుంది. నీ మాట మీద నేను బయట ఉన్నంతసేపూ వాటిని వెచ్చగా ఉంచాల్సింది నువ్వే."

"ఓసి నీ తెలివి! అలాగని మనం అనుకోలేదే!"

"పాము లేకుండా పామని అరుస్తావనీ అనుకోలేదుగా!"

"పూచీ అన్నాడు. నేను విన్నాను," అంటూ గౌరమ్మ కొమ్ములు కాస్త ఇటు తిప్పింది. ఆ కొమ్ములకీ వాడి డొక్కకీ మధ్య ఎక్కువ దూరం లేదు. ముంగయ్య తేలు కుట్టిన దొంగలా గంపెక్కాడు.

పెట్ట వాకిట్లో నూకలు ఏరుకు తింది. కడుపారా నీళ్లు తాగింది. దుమ్ములో పొర్లి స్నానం చేసింది. లోపల ముంగయ్య ఊక గుచ్చుకుని అల్లాడిపోయాడు.

"పాము పోయిందా మామా?"

"పోయింది, పోయింది! రావే తల్లీ!"

ఆ దెబ్బతో వాడికి అనుమానాలన్నీ తీరిపోయాయి.

కానీ ఆశ చెడ్డది కదండీ! చివరికొచ్చేసరికి గుడ్లలోంచి కిచకిచలు వినపడ్డాయి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనుకున్నాడు. "పామూ!" అని అరిచి, పెట్ట దిగగానే తనే గంపెక్కి, పొట్ట గుడ్లకి తగలకుండా నడుం విల్లులా పైకెత్తి నిలబడ్డాడు.

"నడుం దించు నాయనా," అంది గౌరమ్మ.

దించాడు. పొట్ట కింద టిక్కుమంది. ఇంకోచోట టిక్కుమంది. "అయ్యబాబోయ్, పొడుస్తున్నాయి! చుక్కలమ్మా, పాము లేదు, ఏమీ లేదు, వచ్చెయ్!" అని గగ్గోలు పెట్టాడు. పెట్ట వచ్చేసరికి వాడి మీసాల కిందనుంచి పసుపు ముద్దలు తొంగిచూస్తున్నాయి.

కిచకిచలకి వెంకాయమ్మగారు పరిగెత్తుకొచ్చింది. ముంగయ్య గబుక్కున గుంజ వెనక నక్కాడు. ఆవిడ పిల్లల్ని చూసి, "నా బంగారు తల్లే!" అని దోసిలి నిండా నూకలు చల్లింది. పులుసు ఊసే ఎత్తలేదు.

ఆవిడ వెళ్లాక పెట్ట ఒక గుడ్డుని ముక్కుతో దొర్లించుకొచ్చింది. "ఇదొక్కటీ పిల్ల కాలేదు మామా. ఒప్పందం ప్రకారం నీది."

ముంగయ్య వాసన చూసి ముక్కు మూసుకున్నాడు. గడ్డివాము వైపు జారుకోబోయాడు. వెనకాలే కిచకిచమంటూ పిల్లలన్నీ బయల్దేరాయి.

"మీ అమ్మ అదిగో! నేను ముంగిసనర్రా! కోళ్లని తినేవాణ్ణి!"

ఓ పిల్ల వచ్చి వాడి తోక కింద వెచ్చగా దూరింది. వాడు కదల్లేకపోయాడు.

"ఇంతకీ మామా, ఇప్పుడు జెర్రిపోతు వస్తేనో?" అంది పెట్ట నవ్వుతూ.

"రానీ! నా పిల్లల జోలికొస్తే చీల్చి..." అనేసి, ముంగయ్య నాలిక్కరుచుకున్నాడు.

నీతి: ఇచ్చిన మాట తప్పకపోతే సరిపోదు, ఆ మాట ఎందుకిచ్చామో అదీ తప్పకూడదు.