మూడో కేక

మద్దిచెట్ల అడవిలో చిరుత అడుగు కదిపితే చాలు, కొండముచ్చు చెట్టు మీద నుంచి "ఖర్, ఖర్" అనేది. దాన్ని దుప్పి అందుకునేది, దుప్పి నుంచి నెమలి. ఆ కేక వాగు దాటేలోగా తల్లులన్నీ పిల్లలతో పొదల్లో ఉండేవి. ఆ కేక ఎవరిదని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

నక్క అడిగింది. నిండు చూలాలు. పుట్టబోయే పిల్లలకు మనదంటూ ఒకటి ఉండాలని దాని తాపత్రయం. తగవులు తీర్చే ఎలుగుబంటి దగ్గరికి పోయింది.

"ఆ కేక నాది, మావా."

"కొండముచ్చులు తాతల నాటి నుంచి అరుస్తున్నాయి గదే?"

"వాళ్లు 'ఖర్' అనేది రెండుసార్లే. మూడో కేక కలిపింది నేను."

"అయితే మూడోదే నీది."

"మూడోది పడ్డాకే గదా అందరూ దాక్కుంటున్నారు?"

ఎలుగుబంటికి నిద్ర ముంచుకొస్తోంది. ఇంకేం అడగకుండా, కేక నక్కదేనని మద్దిబెరడు మీద గోటితో గీటు పెట్టేసింది. ఇకమీదట నక్క బొరియకు వచ్చి, ఊఁ అనిపించుకున్నాకే ఎవరైనా అరవాలి.

"చిరుత ఎదురుగా ఉన్నా అడగాలా, అమ్మాయ్?" అంది ముసలి కొండముచ్చు.

"రూలు అందరికీ ఒకటే, అవ్వా."

కొన్నాళ్లు అడిగారు, ఆపైన అరవడమే మానేశారు. అడవి మూగదైంది. బిడ్డ పోయిన దుప్పి కూడా నోరు నొక్కుకుని ఏడ్చేది, ఆ ఏడుపు ఎక్కడ కేకలా వినిపిస్తుందోనని. ఎవరైనా వింటే తన కేకను ఎత్తుకుపోతారని నక్క కూడా అరవలేదు. ఆ నిశ్శబ్దంలోనే దానికి ముగ్గురు పిల్లలు పుట్టారు.

ఒక మధ్యాహ్నం నక్క వాగు నుంచి వస్తోంది. కొమ్మల మీద కొండముచ్చులన్నీ కదలకుండా ఒకే వైపు చూస్తున్నాయి. కింద నెమళ్లూ అటే చూస్తున్నాయి. బొరియ వైపు.

ముసలి కొండముచ్చు మెల్లగా దిగింది. "నీ దగ్గరికే బయల్దేరాను, అమ్మాయ్. అరవమంటావా?"

బొరియ పైనున్న బండ మీద మచ్చలు కదిలాయి.

నక్క గొంతు చీలిపోయేలా మూడు కేకలు వేసింది. గడ్డిలో దుప్పి పిల్లలు తలెత్తి చూశాయే గానీ, ఒక్కటీ పరుగెత్తలేదు. బొరియలోంచి మూడు చిన్న మూతులు బయటికొచ్చాయి.

"ఆ చప్పుడేంటమ్మా?" అంది చిన్నది, ఇంకో అడుగు ముందుకు వేసి. "భలే ఉంది. మళ్లీ అను."

నీతి: పదిమంది నోట పలకనివ్వని కేక కన్నబిడ్డలకు కూడా అర్థం కాదు.