గాలికనుమ మీద గాడిద కట్టెలు

అనగనగా ఒక రాజు అంటాననుకున్నారా? కాదు పిల్లలూ, అనగనగా ఒక కనుమ. మబ్బులు కూడా కాసేపు కూర్చుని ఆయాసం తీర్చుకునేంత ఎత్తు. దాని పేరు గాలికనుమ. ఇవతల జొన్న పండించే ఊళ్లు, అవతల గొర్రెలు కాసే ఊళ్లు.

కనుమ ఎక్కేవారెవరైనా ఒక ఎండుకట్టె మోసుకెళ్లి పైనున్న గుహలో పెట్టిపోవాలి. అక్కడ చెట్టూ చేమా లేవు. మంచులో చిక్కినవారికి ఆ కట్టెలే ప్రాణం. అది తాతలనాటి ఆచారం.

ఉప్పు వర్తకుడు గవరయ్యకు మాత్రం అదంతా చాదస్తం. కొండ మొదట్లో కట్టెలు ఏరిపెట్టే పోలమ్మవ్వ ఒకనాడు ఆయన్ను పిలిచింది.

"నాయనా, ఒక్క కట్టె పట్టుకుపో."

"ఎండ చూసుకుని బయలుదేరేవాణ్ణవ్వా. నాకెందుకు?"

"నీకని ఎవరన్నారు? వెనక వచ్చేవాడికి."

గవరయ్య నవ్వి సాగిపోయాడు. ఆయన గాడిద చిట్టి మాత్రం ఒక కట్టె నోట కరుచుకుంది. గుహ చేరగానే దాన్ని బండసందులోకి నెట్టింది.

"ఓసి పిచ్చిదానా! ఉప్పుమూటలు చాలలేదా?" అన్నాడు గవరయ్య.

"మోసేదాన్ని నేనేగా అయ్యా, మీకేం బరువు?" అంది చిట్టి.

రెండోసారీ అంతే. ఈలోగా ఊరివాళ్లు గవరయ్యను చూశారు. "అంత పెద్దాయనే మోయనిది మనకెందుకు?" అనుకున్నారు. మంచి అలవాటు కొండ ఎక్కడానికి ఏడాది పడుతుంది గానీ, బద్ధకం ఒక్కపూటలో ఎక్కేస్తుంది! గుహలోని కట్టెలు చలిమంటలకు అయిపోయాయి, కొత్తవి రాలేదు.

మూడోసారి కనుమ మీదికి రాగానే ఎండ మాయమైంది. మంచు ముంచుకొచ్చింది. గవరయ్య వణుకుతూ గుహలో దూరాడు. బూడిద తప్ప ఒక్క పుల్ల కనబడలేదు. వేళ్లు కొయ్యబారిపోయాయి.

"చిట్టీ, ఇక నేను ఇల్లు చూడనే!" అని ఏడ్చాడు.

చిట్టి ఈసారీ నోట కరుచుకొచ్చిన కట్టెను ఆయన ముందు పెట్టింది. బండసందులోంచి మరో రెండు లాగింది. మూడింటి మీదా దాని పంటిగాట్లే.

గవరయ్య చెకుముకి కొట్టాడు. మంట లేచింది. మంచు విడిచేదాకా ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని చలి కాచుకున్నారు. వసుదేవుడంతటివాడు అవసరానికి గాడిద కాళ్లు పట్టుకున్నాడంటారు. గవరయ్య మాత్రం అవసరం తీరాక పట్టుకున్నాడు, ప్రేమతో.

ఆనాటి నుంచి ఆయన భుజం మీద రెండు కట్టెలు ఉండేవి. ఒకటి తనది, ఒకటి చిట్టిది. ఆయన్ను చూసి ఊళ్లన్నీ మళ్లీ కట్టెలు మోశాయి.

కాబట్టి పిల్లలూ, వెనక వచ్చేవారి కోసం మనం మోసిన బరువే ఏదో ఒకనాడు మనల్ని మోస్తుంది.